కిర్రుమనే తలుపు, ఖాళీ అయిన పైభాగం

ఇవాళ తలుపు కిర్రు శబ్దాన్ని సగం వేగానికి దించితే దాని పైభాగం, అంటే సన్నగా కీచుమనే హై ఫ్రీక్వెన్సీలు, అంతా దుప్పటి కప్పినట్టు అయిపోయింది. ఇలాంటప్పుడు అందరూ సాఫ్ట్‌వేర్‌నే తిడతారు, పాపం.

లెక్క చూడండి. 48 కిలోహెర్ట్జ్ ఫైల్లో (అంటే సెకనుకు 48 వేల శాంపిళ్లు తీసిన రికార్డింగ్‌లో) అందులో సగం, 24 వేల హెర్ట్జ్ దాటి ఏమీ ఉండదు. సగం వేగానికి దించితే ఆ హద్దు 12 వేలకు, ఇంకోసారి దించితే 6 వేలకు పడిపోతుంది. ఎంత ఖరీదైన ప్లగిన్ పెట్టినా లేనిది తేలేదు.

సరే, 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేద్దామా? చేయొచ్చు, కానీ మైకు 20 వేల దగ్గరే చేతులెత్తేస్తే ఆ పైనంతా ఉత్త హిస్సే. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో ట్రాక్‌ని స్పెక్ట్రోగ్రామ్‌కి (ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే చిత్రానికి) మార్చి, పై హద్దు 48000 పెట్టి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది.

వేగం దించడానికి ఆడాసిటీ చాలు: చేంజ్ స్పీడ్ అండ్ పిచ్ ఎఫెక్ట్, మల్టిప్లయర్ 0.5. చేంజ్ టెంపో జోలికి పోవద్దు, అది పిచ్‌ని (శబ్దం స్థాయిని) మారకుండా పట్టుకుని కూర్చుని, శబ్దం మొదలయ్యే దెబ్బ తాలూకు పదునంతా అలికేస్తుంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఐటమ్ ప్రాపర్టీస్‌లో ప్లేరేట్ 0.5 ఇచ్చి, ప్రిజర్వ్ పిచ్ టిక్కు తీసేయాలి. చాలామంది మర్చిపోయేది ఆ టిక్కే.

డబ్బు పెట్టాల్సిన చోటు నా లెక్కలో శుభ్రం చేయడమే. శబ్దం మధ్యలో పిట్ట అరిస్తే ఆడాసిటీ స్పెక్ట్రల్ డిలీట్ దాన్ని కోసి గుంట వదిలేస్తుంది. డబ్బిచ్చి కొనే శబ్దం శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఐజోటోప్ ఆర్‌ఎక్స్‌లోని స్పెక్ట్రల్ రిపేర్ చుట్టుపక్కల శబ్దంతో ఆ గుంట పూడుస్తుంది.

సింథ్‌కి (శబ్దాల్ని కొత్తగా పుట్టించే సాఫ్ట్‌వేర్‌కి) మాత్రం పైసా పెట్టకండి. సర్జ్ అనే సింథ్ ఒకప్పుడు అమ్మకానికి ఉన్నదే, 2018లో ఓపెన్ సోర్స్ అయింది, ఇప్పుడు ఉచితం.