ఫిల్టర్ ఒక్కసారి గడ్డకట్టిందా, ఇక నమ్మొద్దు

హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు నీళ్ల ఫిల్టర్‌ని చలికి వదిలేయకండి. లోపల ఉండేది సన్నటి బోలు గొట్టాల కట్ట, వాటి గోడల్లోని రంధ్రం 0.1 మైక్రాన్, అంటే మిల్లీమీటర్‌లో పదివేలో వంతు. ఒకసారి తడిశాక అందులో నీళ్లు గడ్డకడితే గొట్టాలు చిట్లుతాయి. బయటికేమీ కనబడదు, నీళ్లు మామూలుగానే వస్తాయి, బ్యాక్టీరియాతో సహా. రాత్రిపూట జిప్ కవర్లో పెట్టి స్లీపింగ్ బ్యాగ్‌లో వెచ్చగా దాచుకోండి.

వైరస్‌లు మాత్రం ఆ రంధ్రాల్లోంచి దూరిపోతాయి. ఎగువన ఊరో, క్యాంపో ఉంటే వడకట్టాక క్లోరిన్ బిళ్ల వేసి కనీసం అరగంట ఆగాలి, మంచునీళ్లైతే ఇంకా ఎక్కువసేపు. బురదనీళ్లలో వేస్తే క్లోరిన్ మట్టికే ఖర్చైపోతుంది, ముందు తేరనిచ్చి గుడ్డతో వడకట్టండి.

నా లెక్కలో అన్నిటికన్నా నమ్మకమైనది మరిగించడమే. తెర్లాక 1 నిమిషం, 2,000 మీటర్ల ఎత్తు దాటితే 3 నిమిషాలు.