‘బాగా చదువుకో’ అంటే సరిపోదు, ఎలాగో కూడా చెప్పాలి

మొదటి సంవత్సరం పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లందరికీ ఈ మాట అలవాటే. మొదటి ఇంటర్నల్ మార్కులు చూసుకుని వచ్చి "చాలా చదివాను మేడమ్, అన్నీ వచ్చనే అనుకున్నాను, పేపర్ చేతికొచ్చాక ఏమీ తోచలేదు" అంటారు. మా తోటి లెక్చరర్లలో చాలామంది దీన్ని సాకు కింద కొట్టిపారేస్తారు. నేను మాత్రం నమ్ముతాను. వాళ్లు నిజంగానే చదివారు, రాత్రిళ్లు కూర్చున్నారు, పుస్తకం నిండా రంగులు పూశారు. స్కూలు దాకా ఆదుకున్న పద్ధతి కాలేజీలో చేతులెత్తేసింది, అంతే. అలా జరుగుతుందని వాళ్లకు ముందే చెప్పినవాళ్లు లేరు.

స్కూల్లో పిల్లల చదువు బరువు సగం వేరేవాళ్లే మోస్తారు. ఈరోజు ఏది చదవాలో టీచర్ చెబుతుంది, మర్నాడు అడుగుతుంది, వారం తిరక్కుండా ఒక చిన్న పరీక్ష పెడుతుంది, ఇంట్లో ఎవరో ఒకరు పుస్తకం తీశావా అని గుర్తు చేస్తూనే ఉంటారు. కాలేజీలో ఇదంతా ఒక్కసారిగా మాయం. సిలబస్ కాగితం ఇస్తారు, పరీక్ష తేదీ చెబుతారు, మధ్యలో ఉన్న వారాలన్నీ నీ ఇష్టం. పైగా క్లాసులు తక్కువగా, ఖాళీ గంటలు ఎక్కువగా కనిపించేసరికి 'ఇంత సులువా' అనిపిస్తుంది కూడా. క్లాసులో గడిపిన ప్రతి గంటకీ బయట రెండు గంటలు సొంతంగా చదవాలన్న లెక్క చాలా విశ్వవిద్యాలయాల్లో ఎప్పటినుంచో ఉంది. వారానికి పదిహేను గంటల క్లాసులుంటే ఇంకో ముప్పై గంటలు అన్నమాట. క్లాసులో ఈ లెక్క బోర్డు మీద వేస్తే ఒక నవ్వు వినిపిస్తుంది, తర్వాత నిశ్శబ్దం.

అయితే గంటలు పెంచితే పనైపోతుందా అంటే, అవ్వదు. అసలు చిక్కు ఆ గంటల్లో ఏం చేస్తున్నారన్న దగ్గరే ఉంది. మన పిల్లల్లో ఎక్కువమందికి చదవడం అంటే మళ్లీ చదవడం. ఒకసారి, రెండుసార్లు, పరీక్ష ముందు రోజు మూడోసారి. మూడోసారికి ప్రతి వాక్యం తెలిసినట్టే ఉంటుంది కాబట్టి వచ్చేసిందని మూసేస్తారు. దారిలో ఎదురైన మనిషి ముఖం గుర్తుపట్టడం వేరు, ఆ మనిషి ఎదురుగా లేనప్పుడు పేరు చెప్పగలగడం వేరు కదా, పరీక్షలో అడిగేది రెండోది.

దీని మీద రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు, ప్రతి ఏడూ మొదటి వారంలోనే నేను క్లాసులో దాని గురించి చెబుతాను. కాలేజీ విద్యార్థులకు ఒక చిన్న వ్యాసం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగు విడతలూ చదివారు. ఇంకొందరు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ కాగితం పక్కన పెట్టి గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 83 శాతం గుర్తుంది, రెండోవాళ్లకు 71. వారం తర్వాత పెడితే తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతం మిగిలింది, రాసి చూసుకున్నవాళ్లకు 61. ఈ అంకెలు చెప్పేటప్పుడు క్లాసులో వెనక బెంచీ కూడా తలెత్తి చూస్తుంది, ఎందుకంటే పరీక్ష ముందు రాత్రి చదివి నెట్టుకొచ్చే చదువు ఎక్కడ దెబ్బ తింటుందో అందులో అచ్చంగా కనిపిస్తుంది.

2013లో డన్లాస్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు పది రకాల చదువు పద్ధతులను పక్కపక్కన పెట్టి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. తమను తాము పరీక్షించుకోవడం, ఒకే రోజు కాకుండా రోజుల మీద విడదీసి చదవడం, ఈ రెండూ పైన నిలిచాయి. హైలైటర్‌తో గీతలు, మళ్లీ మళ్లీ చదవడం కింద పడ్డాయి. (హైలైటర్ పెన్నుల మీద నాకేమీ కోపం లేదు, చూడ్డానికి బాగుంటాయి. అయిదు రంగులు వాడినా బుర్రలోకి వెళ్లేది కొంచెమే అన్నది మాత్రం చెప్పాలి.) విడదీసి చదవడం అయితే మరీ పాత సంగతి, మరుపు ఎలా నడుస్తుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లోనే పుస్తకం రాశాడు. ఇంతకాలమైనా మొదటి సంవత్సరం విద్యార్థికి ఇది కొత్త వార్తలాగే ఉంటుంది, అది వాడి తప్పు కాదు.

కానీ చెప్పగానే మారతారా? మారరు. ఎందుకంటే పుస్తకం మూసి రాసుకోవడం కష్టంగా, అవమానంగా ఉంటుంది. సగం పేజీ దాటాక ఏమీ గుర్తు రాదు, తనకి ఏమీ రాదన్న దిగులు పట్టుకుంటుంది, వెంటనే హాయిగా ఉండే పాత పద్ధతికి వెళ్లిపోతారు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం మొదటి కోర్సు మీద 2019లో వచ్చిన అధ్యయనంలోనూ ఇదే బయటపడింది. చక్కగా పాఠం విని కూర్చున్నవాళ్లు ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు, తామే లెక్కలతో కుస్తీ పట్టినవాళ్లు తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు, పరీక్షలో చూస్తే కుస్తీ పట్టినవాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు. అందుకని ఇది వట్టి సలహాగా వదిలేయకుండా క్లాసులోనే చేయించాలని నా పట్టుదల. పాఠం అయిపోయే ముందు కొన్ని నిమిషాలు పుస్తకాలన్నీ మూయించి, ఈరోజు విన్నదాంట్లో గుర్తున్నది ఖాళీ కాగితం మీద రాయమంటాను. మార్కులుండవు, కాగితం నాకు ఇవ్వక్కర్లేదు. మొదట్లో నాలుగు వాక్యాలకి మించి రాయలేరు, ఆ నాలుగు వాక్యాలు చూసి వాళ్ల ముఖాల్లో కనిపించే కంగారే నాకు కావాల్సింది, ఎందుకంటే ఆ కంగారు పరీక్ష హాల్లో కాక ఇక్కడే రావాలి.

ఇక ఒంటరిగా చదవడం. దీని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడాలి.

1970ల్లో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రీస్‌మన్ అనే పరిశోధక విద్యార్థికి ఒక సందేహం వచ్చింది. కాల్‌క్యులస్ అనే లెక్కల కోర్సులో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పుతున్నారు, చైనా మూలాలున్న విద్యార్థులు బాగా చేస్తున్నారు. ఎందుకని అధ్యాపకులను అడిగితే తడుముకోకుండా కారణాలు చెప్పారు: పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, డబ్బు లేదు. మనం స్టాఫ్ రూమ్‌లో అనుకునే మాటలే ఇవి. ఆయన ఆ మాటలతో సరిపెట్టుకోలేదు. రెండు వైపులనుంచీ ఇరవైమంది చొప్పున విద్యార్థులను తీసుకుని, వాళ్లు ఎలా చదువుతున్నారో దగ్గరుండి చూశాడు. కారణాలుగా చెప్పినవేవీ నిలబడలేదు. తప్పుతున్న పిల్లలు క్లాసు మానరు, హోంవర్క్ వేళకి ఇచ్చేస్తారు, నేను పైన చెప్పిన గంటకి రెండు గంటల లెక్క కూడా బుద్ధిగా పాటిస్తున్నారు. కాకపోతే ఒంటరిగా. గదిలో తలుపేసుకుని చదువుతారు, తోటివాళ్లకి ఈ లెక్క వచ్చిందో లేదో తెలీదు, తమకు రాకపోతే తమ తెలివే తక్కువనుకుంటారు. రెండోవాళ్లు కూడా ఒంటరిగా గంటలు గంటలు చదువుతారు, ఆ తర్వాత సాయంత్రాలు నలుగురూ కలిసి కూర్చుంటారు. జవాబులు సరిపోల్చుకుంటారు, ఒకడి తప్పు ఇంకొకడు పట్టుకుంటాడు, పాత ప్రశ్నపత్రాలు చేస్తారు. నలుగురికీ రాని లెక్క వస్తే అది నిజంగానే కష్టమైన లెక్క అని తెలిసిపోతుంది, తమ మీద అనుమానం రాదు.

తర్వాత ట్రీస్‌మన్ చేసిన పని నాకు ఇంకా నచ్చుతుంది. వెనకబడ్డవాళ్లకంటూ రెమిడియల్ క్లాసు పెట్టలేదు. మామూలు కోర్సుకంటే కష్టమైన లెక్కలిచ్చి, వాటిని గుంపుగా కూర్చుని చేయమన్నాడు. రమ్మని పిలిచింది కూడా 'మీరు వెనకబడ్డారు కాబట్టి' అని కాదు, 'ఇది బాగా చేయగలవాళ్ల కోసం' అనే. ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి. మన కాలేజీల్లో వెనకబడ్డవాళ్ల లిస్టు నోటీసు బోర్డు మీద అంటించి, సాయంత్రం ప్రత్యేక క్లాసుకి రమ్మంటాం. ఎవడొస్తాడు? నేనైనా రాను.

గుంపు చదువు అనగానే కబుర్లు అవుతాయని పెద్దల భయం, అందులో నిజం లేకపోలేదు. ముందు ఎవరికి వాళ్లు ప్రయత్నించి వస్తేనే గుంపు పనికొస్తుంది, లేకపోతే ఒకడు చేసి ముగ్గురు ఎక్కించుకుంటారు. నలుగురి కంటే ఎక్కువైతే మాత్రం అది చదువు కాదు, పిక్నిక్.

ఈ ఒంటరితనం చదువు దగ్గరే ఆగదు. కొత్త చోట మొదటి నెలల్లో దాదాపు ప్రతి పిల్లకీ, పిల్లాడికీ లోపల ఒకటే టెన్షన్: ఇక్కడ అందరూ నాకంటే తెలివైనవాళ్లు, నేనే పొరపాటున వచ్చి పడ్డాను. పక్కవాడు కూడా అదే అనుకుంటున్నాడని ఎవరికీ తెలీదు. వాల్టన్, కోహెన్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి సంవత్సరం విద్యార్థులకు సీనియర్ల అనుభవాలు చదివించారు. మొదట్లో మాకూ ఇక్కడ ఇమడలేమనిపించింది, మెల్లగా తగ్గిపోయింది అనేది వాటి సారాంశం. ఆ తర్వాత తమ అనుభవాన్ని తమ మాటల్లో రాయమన్నారు, కొత్తగా రాబోయే విద్యార్థుల కోసమని వీడియో ముందు చెప్పించారు. మొత్తం గంట పని. నల్లజాతి విద్యార్థుల మార్కులు ఆ తర్వాత మూడేళ్లపాటు పెరిగాయి, తెల్లజాతి విద్యార్థులతో ఉన్న తేడా సగానికి తగ్గింది. విని మంత్రమేదో దొరికిందనుకోకండి. 2023లో 22 విద్యాసంస్థల్లో ఇలాంటిదే పెద్ద ఎత్తున చేసి చూస్తే, విద్యార్థి నిజంగా కలిసిపోయే అవకాశం ఉన్న చోటే అది పనిచేసింది. అంటే క్లాసులో ప్రశ్న అడిగిన పిల్లని 'ఇది కూడా తెలీదా' అనే లెక్చరర్ ఉన్నంతకాలం, ఎన్ని మంచి మాటలు చదివించినా దండగే.

ఒక్కరోజు ఓరియెంటేషన్ల మీద నాకు నమ్మకం లేకపోవడం కూడా ఇందుకే. ప్రిన్సిపాల్ ప్రసంగం, నిబంధనల చిట్టా, లైబ్రరీ కార్డు, అయిపోయింది. ఆ రోజు వాళ్లకి ఏ ఇబ్బందీ ఇంకా ఎదురవలేదు కదా, చెప్పినా దేనికి అతికించుకోవాలో తెలీదు. అమెరికాలోని దక్షిణ కరొలైనా విశ్వవిద్యాలయంలో 1972 నుంచి కొత్తవాళ్ల కోసం సెమిస్టర్ పొడుగునా సాగే కోర్సే ఒకటి నడుపుతున్నారు. అంత చేయలేకపోయినా మూడో వారంలో ఒక గంట, మొదటి మార్కులు వచ్చాక ఇంకో గంట కేటాయించడం ఏ కాలేజీకైనా చేతనయ్యే పనే.

సాయం అడగడం కూడా నేర్పాల్సిందే. 'డౌట్లుంటే రండి' అంటే వచ్చేది ఎప్పుడూ ఫస్ట్ ర్యాంకు పిల్లలే, రావాల్సినవాళ్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతారు, ఏం అడగాలో తెలియనంతగా వెనకబడితే 'నాకు ఏమీ అర్థం కాలేదు సార్' అని ఏ నోటితో చెబుతారు? మొదటి నెలలో ప్రతి విద్యార్థీ ఒకసారి అయిదు నిమిషాలు వచ్చి కలవాలని నేను నిబంధనగా పెడతాను, డౌట్ ఉన్నా లేకపోయినా. రెండోసారి వాళ్లంతట వాళ్లే వస్తారు, అందరూ కాదు గానీ చాలామంది. అడిగే తీరు కూడా చెప్పి పంపుతాను: ఈ మెట్టు దాకా వచ్చాను, ఇక్కడ ఆగిపోయాను, ఇలా చేసి చూశాను అని కాగితంతో సహా రమ్మంటాను.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఫోన్ చేసి 'మార్కులెన్ని' అని అడిగితే అబద్ధమైనా వస్తుంది, గొడవైనా వస్తుంది. 'ఈ వారం ఏది కష్టంగా ఉంది, ఎవరితో కలిసి చదువుతున్నావు' అని అడిగి చూడండి. రెండో ప్రశ్నకి 'ఎవరితోనూ లేదు' అని వస్తే, మార్కుల కంటే ముందు ఆలోచించాల్సింది దాని గురించే.

నిద్ర, ఫోను గురించి అందరూ చెబుతూనే ఉంటారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పరీక్ష ముందు రాత్రంతా మేలుకోవద్దు, చదివేటప్పుడు ఫోను వేరే గదిలో పెట్టండి.

మొదటి పరీక్ష పోయిందనుకోండి, అప్పుడేం చేయాలన్నది ముఖ్యం. చాలామంది మార్కు చూసి పేపర్ మడిచి పారేస్తారు. అందుకని పేపర్‌తోపాటు ఒక కాగితం ఇచ్చి మూడు సంగతులు రాయమంటాను: ఎలా తయారయ్యావు, మార్కులు ఎక్కడ పోయాయి (తెలీక పోయాయా, తెలిసీ తొందరపాటుతో పోయాయా, టైమ్ చాలకనా), వచ్చేసారి ఏం మారుస్తావు. ఇది నా సొంత ఆలోచన కాదు, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలైన పద్ధతి, దీన్ని ఎగ్జామ్ రాపర్ అంటారు. 'ఇంకా బాగా చదువుతాను' అని రాస్తే ఒప్పుకోను, ఏ రోజు, ఏ సబ్జెక్టు, ఎలా అని రాసేదాకా తిరిగి ఇచ్చేస్తాను. ఆ కాగితాలన్నీ నా దగ్గరే ఉంచుకుని తర్వాతి పరీక్షకి పది రోజుల ముందు ఎవరిది వాళ్లకి పంచుతాను. పరీక్ష అయ్యాక ఇస్తే ఉపయోగం లేదు, ముందు రోజు ఇస్తే అసలే లేదు.