తలుపు దగ్గర ఖాళీ కుర్చీ

జైలు నుంచి వచ్చినవాళ్లు, హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లు, మానసిక వైద్యశాలలో ఉండి వచ్చినవాళ్లు, ఇల్లు లేనివాళ్లు. వీళ్లకు వీళ్లే తోడుండే బృందాన్ని నిలబెట్టడంలో మాకు తెలిసొచ్చినవి రాస్తున్నాం.

అన్నిటికన్నా కష్టం మొదటిరోజు రావడమే. పోస్టర్ చూసి వచ్చేవాళ్లు చాలా తక్కువ. అదే దారిలో నడిచొచ్చిన మనిషి ముందురోజు ఫోన్ చేసి, "గేటు దగ్గర ఉంటాను, కలిసే లోపలికి పోదాం" అంటే వస్తారు. కుర్చీలు గుండ్రంగా వేసి, తలుపు పక్కది ఖాళీగా ఉంచుతాం. కావాలంటే లేచి వెళ్లిపోవచ్చన్న ధైర్యం ఉంటేనే కొత్తవాళ్లు కుదురుగా కూర్చుంటారు. మొదట్లో రిజిస్టర్ పెట్టి, తీసేశాం. ఎక్కడెక్కడో సంతకాలు పెట్టి నష్టపోయినవాళ్లకు ఆ పుస్తకం కనబడగానే నోరు మూతపడుతుంది.

ఆరు నుంచి పది మంది, గంటన్నర సమయం, వారంలో అదే రోజు, అదే వేళ. నడిపేవాళ్లు ఇద్దరుండాలి. ఎవరైనా ఏడుస్తూ బయటికి వెళ్తే ఒకరు వెంట వెళ్లాలి కదా. దారిఖర్చు ఆ రోజే చేతిలో పెట్టాలి. "తర్వాత ఇస్తాం" అంటే చేతిలో డబ్బులేనివాళ్లే ముందు మానేస్తారు.

బృందాన్ని చెడగొట్టేది సలహా. "నువ్విలా చెయ్యి" అన్న మరుక్షణం ఒకరు పెద్ద, ఒకరు చిన్న అయిపోతారు. "నాకిలా జరిగింది, నేనిది చేశాను" వరకే. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో, మద్యంతో సతమతమైన ఇద్దరు ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు ఆయువుపట్టు ఇదే.

ఇక్కడి మాట గడప దాటదని చెబుతాం. ప్రాణం మీదికొచ్చే సంగతైతే దాటుతుందని కూడా మొదటిరోజే చెప్పాలి. తర్వాత చెబితే నమ్మకద్రోహమే.

బృందంలో ఎవరికైనా ఆఫీసులో పని పడితే, తోడు వెళ్లేముందు అక్కడ అడగాల్సిన మూడు విషయాలు ఆ మనిషి చేతే ఒక కాగితం మీద రాయిస్తాం. కౌంటర్ దగ్గర అరడుగు వెనక నిలబడాలి. గుమస్తా మనవైపు చూసి ప్రశ్న వేస్తాడు, తప్పకుండా వేస్తాడు. జవాబివ్వకుండా పక్కనున్న మనిషి వైపు చూడాలి. ఆ నాలుగైదు క్షణాలు ఓర్చుకోవడమే ఈ పనిలో అసలు నేర్పు.

తోడు నిలిచేవాళ్ల పాత గాయాలూ రేగుతాయి. సమావేశం అయ్యాక పావుగంట ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోనిదే ఇంటికి వెళ్లకూడదు. ఫోన్‌కు వేళలుండాలి. రాత్రంతా ఎత్తేవాళ్లు నెలలు తిరక్కుండానే అలసి తప్పుకుంటారు.

సంస్థలు ఇలాంటి బతుకు చూసినవాళ్లను కుర్చీలు సర్దడానికి, ఫొటోలకు వాడుకోవడం మాకు మింగుడుపడని విషయం. 1983లోనే అమెరికాలోని డెన్వర్‌లో ఎయిడ్స్ ఉన్నవాళ్లు "మమ్మల్ని బాధితులనొద్దు, నిర్ణయాల్లో మాకూ చోటివ్వండి" అని ప్రకటించారు. కమిటీలో ఒక్కరినే కూర్చోబెడితే నోరు పెగలదు. కనీసం ఇద్దరుండాలి, కాగితాలు వారం ముందే అందాలి, చేసిన పనికి జీతం ఇవ్వాలి.