మూకీ సినిమాకి ఆరుబయట కచేరీ: ముందు వాద్యకారులకి తెర కనబడాలి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్లున్న అపార్ట్‌మెంట్లలో వేసవి సాయంత్రాలు ఆరుబయట సినిమా వేయడం తేలికే. అదే తెర మీద మూకీ, అంటే మాటల్లేని పాత సినిమా వేసి, పక్కన వయొలిన్, మృదంగం, కీబోర్డు వాయించాలంటే లెక్కంతా మారిపోతుంది. అందరూ ముందు ప్రొజెక్టర్ అద్దె గురించి అడుగుతారు. మా మాట వింటే ముందు వాద్యకారులు కూర్చునే చోటు తేల్చండి. వాళ్లకి బొమ్మ కనబడకపోతే మిగతా ఏర్పాట్లు ఎంత ఘనంగా ఉన్నా ఆట రక్తి కట్టదు.

వాళ్లని తెర కింద జనం వైపు తిప్పి కూర్చోబెడితే బొమ్మ వీపు వెనక పడుతుంది. తెరకి ఒక పక్కన ఏటవాలుగా కూర్చోబెట్టి, ఎదురుగా 24 అంగుళాల మానిటర్ నేల మీద వాల్చి పెట్టండి. ల్యాప్‌టాప్ నుంచి వచ్చే బొమ్మని రెండు దారులకి పంచే స్ప్లిటర్ పెట్టి ఒక కేబుల్ ప్రొజెక్టర్‌కి, ఒకటి మానిటర్‌కి లాగాలి. వైర్‌లెస్ వద్దు, బొమ్మ ఆలస్యంగా వస్తుంది. దూరం 15 మీటర్లు దాటితే మామూలు హెచ్‌డీఎంఐని నమ్మకుండా ఫైబర్ కేబుల్ తెప్పించండి. నోట్స్ చూసుకోవడానికి పసుపు రంగు క్లిప్ లైట్లు, కిందికే వెలుగు పడేలా డొప్ప కట్టి వాడాలి. కాస్త వెలుతురు తెర మీదికి చిందినా నలుపు బూడిద రంగుకి తిరుగుతుంది. పాత ప్రింట్ల అందం సగం ఆ నలుపులోనే ఉంది.

ఇక ఫైలు. మూకీల రోజుల్లో కెమెరా చాలావరకు చేత్తో తిప్పేవాళ్లు, వేగం అందరిదీ ఒకటి కాదు. 1,000 అడుగుల 35 ఎం.ఎం. రీలు సెకనుకి 16 ఫ్రేముల చొప్పున నడిపితే 16 నిమిషాల 40 సెకన్లు వస్తుంది, 24 చొప్పున నడిపితే 11 నిమిషాలు దాటి కొద్ది సెకన్లే. అందుకే ఒకే సినిమా ఒక్కో చోట ఒక్కో నిడివితో దొరుకుతుంది. ఆ రాత్రి ఏ ఫైలు ఆడిస్తారో దానితోనే రిహార్సల్ జరగాలి. అందులో ముందే అతికించిన సంగీతం ఉంటే ఆడియో ట్రాక్ తీసేయించండి. మ్యూట్ చేశాం కదా అని వదిలేస్తే ఎవరో ఒకరు పొరపాటున నొక్కుతారు.

కచేరీ అలవాటున్నవాళ్లకి అసలు చిక్కు ముక్తాయింపు దగ్గర, అంటే లెక్క కట్టి ముగించే తాళపు వరస దగ్గర వస్తుంది. ఉదాహరణకి, గుమ్మంలో నిలబడ్డ తల్లి ముఖం మీదికి షాట్ మారిపోయింది. మృదంగం మాత్రం ఇంకా గుర్రాల పరుగు తాలూకు ముక్తాయింపులోనే ఉంది, మొదలుపెట్టాక మధ్యలో వదలడం కుదరదు. కాబట్టి పొడవాటి లెక్కలు వద్దు. సుమారుగా సెకనుకో అక్షరం చొప్పున ఆదితాళం ఒక ఆవృత్తం, అంటే ఒక చుట్టు, ఎనిమిది సెకన్లు. అంతకు మించిన లెక్క ఎత్తుకోకూడదు. సీను మారగానే అందరూ శ్రుతి (ఆధార స్వరం) మీదికి వచ్చేసి, అక్కడి నుంచి కొత్త రాగం ఎత్తుకోవాలి. గంటంపావు సినిమాని 20–25 ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకి రాగం, కాలం (నడిచే వేగం), ఎప్పుడు మొదలెట్టాలో తెర మీది గుర్తు రాసుకోండి. ‘తలుపు మూసుకోగానే’ అని రాస్తే కళ్లు తెర మీదే ఉంటాయి, గడియారం అంకె రాస్తే దాని మీదికి పోతాయి. టైటిల్ కార్డులు చదివి చెప్పే వ్యాఖ్యాత ఉంటే వాద్యాలు అప్పుడు తగ్గాలి. తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి మూకీల రోజుల్లో మన దేశంలో ఉండేవాడు, ఆ పద్ధతి మళ్లీ రావాలని మా కోరిక.

తెర 16 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు చాలు. మూకీలు ఇంచుమించు 4:3లో, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లుగా ఉంటాయి. 16:9 ప్రొజెక్టర్‌లో పక్కలు ఖాళీగా పోయి 6,000 ల్యూమెన్ల వెలుగులో సుమారు 4,500 మాత్రమే తెరకి చేరతాయి. చీకటి పడ్డాక అది ధారాళంగా సరిపోతుంది. ఏప్రిల్ చివర బెంగళూరులో పొద్దు 6:30 దాటాక వాలుతుంది, 7:15కి ముందు మొదలెట్టొద్దు. రాత్రి 10కి లౌడ్‌స్పీకర్లు ఆపాలని నిబంధన ఉంది కనుక నిడివి అందులోనే సర్దుకోవాలి.

భయపడాల్సింది వానకన్నా ముందొచ్చే గాలికి. గంటకి 36 కిలోమీటర్ల గాలి ఆ సైజు తెరని వంద కిలోలకి పైగా బరువుతో నెడుతుంది, వేగం రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలు. ఫ్రేమ్ కాళ్లకి ఇసుక మూటలకన్నా 200 లీటర్ల నీటి డ్రమ్ములు కట్టండి, గుడ్డని తాళ్లతో కాకుండా ఎలాస్టిక్ తాళ్లతో బిగించండి. గాలి ఒక్కసారిగా చల్లబడితే ఆట ఆపి తెర దించేయాల్సిందే. మొదటి వాన పడ్డ మర్నాడు ఉసిళ్లు లేస్తాయి, ప్రొజెక్టర్ లెన్స్ దగ్గర ముసురుకుంటాయి. తెరకి దూరంగా, జనానికి వెనక ఒక తెల్ల లైటు వెలిగించి పెడితే చాలావరకు అటు పోతాయి.

సినిమా ఎంపిక గురించి ఒక మాట. 1921లో మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ తీసిన, తెలుగువాళ్ల తొలి మూకీగా చెప్పుకునే ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రింటు మిగల్లేదు, వేద్దామన్నా కుదరదు. మన చట్టంలో సినిమాకి కాపీరైటు విడుదల తర్వాత 60 ఏళ్లే కాబట్టి మూకీలన్నిటికీ గడువు తీరింది. అయినా బాగు చేసిన ప్రింటు ఏ ఆర్కైవ్‌దో వాళ్ల అనుమతి అడగాలి. సినిమా పాటల వరసలు వాయిస్తే వాటికి లైసెన్సు వేరే, త్యాగరాజ కీర్తనలకి అక్కర్లేదు.