మృగశిర మర్నాడు

జూన్ 9, 2021, బుధవారం

ఇవాళ మా ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు. అందరం ఒకే చోట కూర్చుని అన్నం తిన్నాం. మామూలుగా అయితే డైరీలో రాసుకునే సంగతులు కావివి. ఏప్రిల్ చివర్లో కరోనాతో పడ్డ అవస్థ తర్వాత మాత్రం ఇలాంటి రోజును పూసగుచ్చినట్టు రాసి పెట్టుకోవాలనిపిస్తోంది.

నిన్న మృగశిర కార్తె. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం పోయినేడూ లేదు, ఈ ఏడూ లేదు. "అక్కడ లేకపోతే మానె, ఇంట్ల పులుసన్నా కావాలె" అని అత్తమ్మ పట్టుబట్టింది. మా ఆయన రెండు మాస్కులు పెట్టుకుని పొద్దున్నే రాంనగర్ మార్కెట్‌కి వెళ్లారు. కొర్రమీను ధర విని ఊరుకుని, బొచ్చె తెచ్చారు. నిన్న తిన్నాం కానీ, చేపల పులుసుకి అసలు రుచి మర్నాడే వస్తుంది. రాత్రంతా పులుపు పట్టి, ఇవాళ ముక్క విరిస్తే లోపల కూడా ఎర్రగా ఉంది.

మా ఆయన పని చేసేది మందుల షాపులో. మధ్యాహ్నం భోజనానికి వచ్చి చేతులు కడుక్కుంటూ, నేను గిన్నె మూత తీయగానే, "మెంతిపిండి కొంచెం ఎక్కువేసినట్టున్నావు" అన్నారు. ఇంకా నోట్లో పెట్టుకోలేదు, వాసన చూసే అన్నారు. నా వంటకి వంక పెడితే ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఏప్రిల్‌లో ఆవకాయ జాడీని ముక్కు దగ్గర పెట్టుకున్నా ఆయనకి ఏమీ తెలియలేదు. నీళ్లు తాగినట్టు చారు తాగేవారు. ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. అయినా ఇవాళ మారు అన్నం అడిగి మరీ పెట్టించుకున్నారు.

భోజనాలయ్యాక టీవీలో చూశాం, ఇంటర్ సెకండియర్ పరీక్షలు రద్దు. విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి చెప్పారు. మార్కులు ఎలా ఇవ్వాలో కమిటీ తేలుస్తుందట. చిన్నోడు ఎగిరి గంతేశాడు, పరీక్షలు వాడివి కాకపోయినా. పెద్దది మాత్రం ఏమీ అనలేదు. ఫోన్‌లో దాని స్నేహితుల గ్రూపు టింగుటింగుమని మోగుతూనే ఉంది. అది లేచి వెళ్లి అలమరలో పుస్తకాలన్నీ కింద పెట్టి సర్దడం మొదలుపెట్టింది.

దాని మనసులో ఏముందో నాకు కొంత అర్థమైంది. పోయినేడు మార్చిలో ఫస్టియర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చింది. మళ్లీ కాలేజీ గుమ్మం తొక్కింది ఈ ఫిబ్రవరి 1న. మార్చి 24 నుంచి మళ్లీ మూత. సెకండియర్ అంతా కలిపి కాలేజీకి వెళ్లింది రెండు నెలలు కూడా లేదు. మే నెలలో జరగాల్సిన పరీక్షలు వాయిదా అన్నారు, ఆ వాయిదాలోనూ చదువుతూనే ఉంది. ఇప్పుడు అసలే లేవు. ఆరోగ్యం కంటే పరీక్షలు ఎక్కువ కాదు, రద్దు చేయడమే మంచిది, అందులో నాకు అనుమానం లేదు. కానీ కష్టపడి చదివిన పిల్లకి, చదివింది రాసి చూపించే రోజు లేకుండా పోయింది. ఈ వయసు పిల్లలు పోగొట్టుకున్నవాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

పక్కన కూర్చుని నేనూ సర్దుతుంటే ఆ కట్టలో ఒక లాంగ్ నోట్‌బుక్ దొరికింది. ముందు పేజీల్లో ఫిజిక్స్ లెక్కలు. వెనక నుంచి తెరిస్తే స్కేలుతో గీసిన గళ్లు. టైము, టెంపరేచర్, ఆక్సిజన్, పల్స్, వేసుకున్న మాత్ర. ఒకవైపు "నాన్న", ఒకవైపు "అమ్మ".

ఆయనకి పాజిటివ్ వచ్చిన రెండు మూడు రోజులకే నాకూ జ్వరం అందుకుంది. ఇద్దరం వెనక గదిలో తలుపు వేసుకున్నాం. బయట ఇద్దరు పిల్లలు, నానమ్మ. అత్తమ్మని వంటింట్లోకి రానివ్వకుండా, ఎవరికీ ఎదురు పడనివ్వకుండా ముందు గదిలో కూర్చోబెట్టింది పెద్దది. దానికి అప్పటిదాకా అన్నం వార్చడం కూడా సరిగ్గా రాదు. అన్నం ఒకరోజు ముద్ద, ఒకరోజు పలుకు. టమాటా పప్పు మాత్రం రోజూ బాగానే కుదిరేది. చిన్నోడు కంచాలు తెచ్చి తలుపు ముందు స్టూలు మీద పెట్టి, తలుపు కొట్టి, దూరం జరిగి నిలబడేవాడు. మేం తలుపు తీసి కంచాలు అందుకునేదాకా అక్కడే ఉండేవాడు.

ఆక్సిజన్ 94 కంటే తగ్గితే వెంటనే చెప్పమని డాక్టరు ఫోన్‌లో అన్నారు. నోట్‌బుక్‌లో 94 ఉన్న గడి చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది. పక్కన టైము రాత్రి 2:40. ఆ రాత్రి అది కిటికీ అవతల నిలబడి, "నాన్నా, బోర్లా పడుకోండి, నేను ఇక్కడే ఉన్నా" అంది. గొంతు వణకలేదు. కింద గడిలో 3:10కి 95, తర్వాత 96. ఆ పేజీ చూస్తుంటే నాకు కళ్లు మసకబారాయి. అది మాత్రం "ఇది పాత పేపర్లలో వేసేయనా అమ్మా?" అంది. వద్దని తీసుకుని నా బీరువాలో, పట్టుచీరల కింద పెట్టాను.

చిన్నోడి సంగతి కూడా రాయాలి. అప్పుడు ఐపీఎల్ నడుస్తోంది. గదిలో ఆయన ఫోన్‌లో చూసేవారు, హాల్లో వాడు టీవీలో. టీవీ కంటే ఫోన్‌లో కాస్త ఆలస్యంగా వస్తుంది. వికెట్ పడితే వాడు అక్కడ కేక వేసేవాడు, ఇక్కడ ఆయనకి బౌలర్ ఇంకా పరుగెత్తుతూనే ఉండేవాడు. "ఒరేయ్, ముందే చెప్పేస్తున్నావురా" అన్నారు ఒకసారి, దగ్గుతూనే. ఆ తర్వాత నుంచి తండ్రీకొడుకులు ఒకేసారి అరిచేవాళ్లు. ఎలా కుదిరిందో నాకు అప్పుడు తెలియలేదు, తర్వాత అత్తమ్మ చెప్పింది. వికెట్ పడగానే వాడు పిడికిలి నోట్లో కుక్కుకుని, తలుపు వైపు చూస్తూ ఆగేవాడట. లోపల నాన్న అరవగానే, అప్పుడే చూసినట్టు వాడూ అరిచేవాడట. మే 4న ఐపీఎల్ ఆగిపోయేదాకా ఇదే పని. పద్నాలుగేళ్ల వాడికి ఈ ఆలోచన ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు.

పిల్లలు ఫోన్లకి అంటుకుపోయారని అందరూ అంటుంటారు. నేను ఇక అనను. అత్తమ్మకి కొవిషీల్డ్ టీకా మొదటి డోసు మార్చిలో వేయించాం. ఆ తర్వాత రెండో డోసుకి గడువు పెంచారు, ఇప్పుడు 84 రోజులు దాటితే గానీ స్లాట్ ఇవ్వడం లేదు. ఆ 84 ఎప్పటికి నిండుతాయో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నది చిన్నోడే. ఇవాళ సాయంత్రం టీకా స్లాట్లు ఇచ్చే కోవిన్ సైటు తెరిచాడు. ఓటీపీ అత్తమ్మ బటన్ల ఫోన్‌కి వస్తుంది. 180 సెకన్లలో కొట్టాలి. ఆమె కళ్లజోడు వెతుక్కుని, ఫోన్ చేయి చాపి పట్టుకుని, "నాలుగు... సున్న... ఇదేంది, ఏడా, ఒకటా?" అంటుంటే టైము అయిపోయింది. మళ్లీ పంపాడు. మళ్లీ అయిపోయింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "తొందరేం లేదు నానమ్మా, నిమ్మళంగ సదువు" అన్నాడు, అచ్చం ఆమె యాసలోనే. మూడోసారి కుదిరింది. శనివారం పొద్దున స్లాట్. "నా మనవడు కలెక్టరైతడు" అని తల నిమిరింది.

సాయంత్రం పై వాటా వాళ్లకి పులుసు పంపాను. మేం గదిలో ఉన్నన్నాళ్లూ ఆ వదినగారు రోజు విడిచి రోజు ఏదో ఒకటి వండి డబ్బాలో పెట్టి గేటుకి తగిలించి వెళ్లేవారు. ఇడ్లీ, మిరియాల చారు, ఒకసారి బంగినపల్లి ముక్కలు కోసి మరీ. డబ్బాలు నా దగ్గరే ఉండిపోయాయి. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు కదా, ఒకదాంట్లో పులుసు, ఒకదాంట్లో కొత్త ఆవకాయ పెట్టి పెద్దదానితో పంపాను. మందుల కిట్ పట్టుకుని ఎర్రటి ఎండలో ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన ఆశా కార్యకర్తకి కూడా ఏదైనా ఇవ్వాలి. ఆమె ఆ రోజు గేటు బయటే నిలబడి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో పెద్దదానికి ఓపిగ్గా రెండుసార్లు చెప్పింది. నంబరు ఉంది, రేపు ఫోన్ చేస్తాను.

అందరికీ మాలాగా కలిసిరాలేదు. నల్గొండలో మా మేనమామ పోయారు. చివరి చూపు కూడా ఫోన్‌లోనే దక్కింది. నా పెళ్లికి కాళ్లు కడిగిన మనిషి. దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు మా ఆయన కోలుకున్నందుకు దండం పెట్టుకుంటాను, వెంటనే మామయ్య గుర్తొస్తారు. రెండూ ఒకే దండంలో కలిసిపోతున్నాయి. విడదీయాలని నేనూ అనుకోవడం లేదు.

రాత్రి అన్నాల దగ్గర పిల్లలిద్దరికీ చెప్పాను. మనసులో ఉంచుకుంటే వాళ్లకెలా తెలుస్తుంది? "మీరిద్దరూ లేకపోతే మేం ఏమైపోయేవాళ్లమో. మిమ్మల్ని చూస్తే నాకు గర్వంగా ఉంది" అన్నాను. ఆ నోట్‌బుక్ సంగతి, పిడికిలి సంగతి వాళ్ల నాన్న ముందే చెప్పాను. పిడికిలి సంగతి ఆయనకి ఇవాళే తెలిసింది. కంచంలో చేయి ఆగిపోయింది. ఎడంచేత్తో వాడిని దగ్గరికి లాక్కున్నారు. పెద్దది సిగ్గుపడి, "మజ్జిగ ఎవరికి?" అంటూ లేచింది.

రేపటి నుంచి సాయంత్రం 5 దాకా లాక్‌డౌన్ సడలింపు. చిన్నోడి జుట్టు చెవుల మీదికి వచ్చింది, కత్తిరించాలి, మంగలి షాపు సంగతి ఇంకొన్నాళ్లు ఆగి చూస్తాం. శనివారం అత్తమ్మకి ఆధార్ కార్డు గుర్తుంచుకోవాలి. పెద్దది పొద్దున ఐదింటికే లేపమంది. ఇంటర్ పరీక్షలు లేకపోయినా ఎంసెట్ ఉంది కదా, కెమిస్ట్రీ మళ్లీ మొదటి నుంచి చదువుతుందట. దానితో పాటు నేనూ లేచి టీ పెట్టి ఇస్తాను.