6.8 కిలోమీటర్ల దగ్గర మళ్లీ పట్టేసిన ఎడమ పిక్క

మళ్లీ అదే చోట. ఈ రోజు, డిసెంబర్ 21 ఆదివారం, తిరుపతి జూ పార్క్ రోడ్డులో ఎడమ పిక్క పట్టేసింది. వాచీ చూస్తే 6.8 కి.మీ. పోయిన ఆదివారం 6.6, అంతకు ముందు ఆదివారం 7.1. ముంబయి హాఫ్ మారథాన్ జనవరి 18న, అంటే సరిగ్గా నాలుగు వారాలుంది. 21.1 కి.మీ. మోయాల్సిన కాలు ఏడు దగ్గరే మొరాయిస్తోంది. చాలా బాధగా ఉంది, కోపం కూడా వస్తోంది.

మిగతావన్నీ బాగానే సాగుతున్నాయి. టీంలో 11 మందిమి, నేను తప్ప అందరూ 12 కి.మీ. దాటేశారు. స్టేడియంలో 400 మీటర్ల రిపీట్లు (మళ్లీ మళ్లీ వేగంగా పరిగెత్తడం) నాకూ అనుకున్న టైంలోనే వస్తున్నాయి.

నొప్పి ఎలా మొదలవుతుందో వివరంగా రాస్తాను, ఇలాంటిది వచ్చినవాళ్లు పోల్చుకోవచ్చు. 5 కి.మీ. దాకా ఏమీ ఉండదు. 5.5 దగ్గర పిక్క లోపల, బాగా లోతులో, తాడు మెలిపెట్టినట్టు బిగువు మొదలవుతుంది. చోటు కూడా మారదు. మడమకు 14 సెం.మీ. పైన, కొంచెం లోపలి పక్కకు. 6 దాటాక అడుగుల లెక్క నిమిషానికి 172 నుంచి 164కి పడిపోతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా పట్టేస్తుంది, మడమ నేలకు ఆనదు. ఆగి రెండు నిమిషాలు సాగదీస్తే వదులుతుంది. మళ్లీ పరిగెత్తితే 300 మీటర్లలో తిరిగి పట్టేస్తుంది. అప్పటికి గుండె వేగం 148 మాత్రమే, అంటే నేను అలిసిపోయి కాదు. (ఈ అంకె గుండె వేగం కొలవడానికి ఛాతీకి కట్టుకునే పట్టీది. చలికి చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి మణికట్టు మీది సెన్సర్ తడబడుతుంది. చలికాలంలో పట్టీనే నమ్మాలని నా అభిప్రాయం.)

ఇది నా ఒక్కడి టైంకి సంబంధించిన విషయమైతే ఇంత టెన్షన్ పడేవాణ్ని కాదు. మేం పరిగెత్తేది తలసేమియా అనే రక్త జబ్బున్న పిల్లల కోసం. వాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. పల్లెల నుంచి తిరుపతికి వచ్చిన ప్రతిసారీ బస్సు చార్జీలు, పైగా అమ్మానాన్నలకు ఆ రోజు కూలి పోతుంది. తెలిసినవాళ్లు మాకు కిలోమీటరుకు ఇంత ఇస్తామని రాసిచ్చారు. నేను ఆగిన ప్రతి కిలోమీటరూ ఆ లెక్కలోంచి పోతుంది.

మొదట అందరూ చెప్పింది ఉప్పు. రెండు వారాలు లీటరు నీళ్లకు ఒక ఎలక్ట్రాల్ పాకెట్ కలుపుకుని తాగాను. ఏమీ మారలేదు. పరుగుకు ముందు 68.2 కిలోలు, తర్వాత 67.7. ఫోన్‌లో 17 డిగ్రీలు చూపించే పొద్దున 40 నిమిషాలకు ఎంత చెమట పోతుంది? ఒంట్లో ఉప్పు తగ్గితే రెండు కాళ్లూ పట్టాలి కదా, ఎప్పుడూ ఎడమదే ఎందుకు? ఉప్పు కథ నేను నమ్మడం మానేశాను.

తర్వాత రక్తదానం మీద అనుమానం వచ్చింది. నవంబర్ 23న మా టీం అంతా రక్తం ఇచ్చాం. దాని వల్ల బలం తగ్గిందేమోనని మొన్న హిమోగ్లోబిన్ చూపించుకుంటే 13.4 వచ్చింది, అంటే సరిపడానే ఉంది. డైరీ తిరగేస్తే నవంబర్ 16నే "ఎడమ పిక్క బిగువు, 7.5" అని రాసుకుని ఉన్నాను. రక్తం ఇవ్వకముందే మొదలైందన్నమాట. ఈ భయంతో ఎవరూ రక్తం ఇవ్వడం మానొద్దు.

బూట్లూ మార్చి చూశాను. రోజూ వాడే ఆసిక్స్‌తో ఒకసారి, డెకాత్లాన్ కిప్రన్‌తో ఒకసారి. తేడా 200 మీటర్లే. మన రోడ్లకు మరీ మెత్తటి సోల్ కంటే కాస్త గట్టిగా ఉండే ఆసిక్సే నాకిష్టం. కార్బన్ ప్లేట్ బూట్లు కొనమని ఒకరు సలహా ఇచ్చారు. నా వేగానికి అవి అక్కర్లేదు, ఆ డబ్బుతో కొందరు పిల్లల బస్సు చార్జీలు గడుస్తాయి.

ఇక మిగిలింది చలి. గురువారం పలమనేరులో అక్క వాళ్లింట్లో ఉన్నాను. మొగిలి ఘాట్ ఎక్కామంటే గాలే మారిపోతుంది. తెల్లవారుజామున 13 డిగ్రీలు, నోట్లోంచి పొగ. "ఈ చలిలో ఏం పరుగురా, కాసేపు ఎండ రానీ" అని అక్క మొత్తుకుంది. చలే కారణమైతే ఇక్కడ ఇంకా ముందే పట్టేయాలి. కానీ 8.9 దాకా వెళ్లాను! అప్పుడు కూడా బిగుసుకుందే గానీ పట్టేయలేదు. నాలుగు డిగ్రీలు తక్కువ, రెండు కిలోమీటర్లు ఎక్కువ. రోజంతా దీని గురించే ఆలోచించాను.

తేడాలు రెండు. పలమనేరులో నేను పరిగెత్తిన రోడ్డు దాదాపు సమంగా ఉంది. తిరుపతిలో యూనివర్సిటీ దగ్గర బయల్దేరితే అలిపిరి దాకా ఎక్కుడే. రెండోది ఇవాళ కళ్లారా చూశాను. ఆదివారం 5:05కి వార్మప్ అయిపోతుంది. తర్వాత ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఆగుతాం, హాజరు రాస్తాం, డబ్బిచ్చినవాళ్లకు పంపడానికి బ్యానర్‌తో ఫోటో దిగుతాం. ఇవాళ వాచీ పెట్టి చూశాను, 17 నిమిషాలు. ఆ చలిలో అంతసేపు నిలబడితే వేడెక్కిన పిక్క మళ్లీ మొదటికొస్తుంది. అలాగే ఎక్కుడు మొదలుపెడుతున్నాం. అక్క వాళ్లింట్లో మెట్ల మీద వార్మప్ చేసి గేటు తీసి నేరుగా పరిగెత్తాను.

అయినా మిగతా పదిమందికి రాని నొప్పి నాకే ఎందుకు? ఇంటికొచ్చి టేలర్ టేపుతో కొలిచాను. మోకాలి చిప్పకు 10 సెం.మీ. కింద కుడి పిక్క 36.8, ఎడమది 35.5. ఒంటికాలి మీద మడమ పైకెత్తడం కుడికి 24 సార్లు వచ్చింది, ఎడమకు 15. మోకాలు వంచి చేస్తే ఎడమకు 9 మాత్రమే! మోకాలు వంచితే పని ఎక్కువగా లోపలి కండ, అదే సోలియస్, మీద పడుతుంది. నొప్పి వచ్చే లోతు కూడా అదే. పోయిన ఏడాది ఎడమ చీలమండ బెణికి ఆరు వారాలు కుంటుకుంటూ తిరిగాను. ఆ కాలు అప్పటి నుంచి బలం పుంజుకోలేదని ఇప్పుడు తెలిసింది. కారణం దొరికిందనే అనుకుంటున్నాను. బలం లేని కండ, దాని మీద చలి, దాని మీద ఎక్కుడు.

సాయంత్రం కోచ్ అన్నకు ఫోన్ చేసి ఈ అంకెలన్నీ చదివాను. "ఇది నెల కిందటే కొలిచుండాల్సింది నాయనా" అన్నాడు. రేపటి నుంచి మెట్టు అంచున నిలబడి మడమ నిదానంగా కిందికి దించడం, మోకాలు చాపి 15 చొప్పున మూడు సార్లు, వంచి మళ్లీ అన్నే, పొద్దున సాయంత్రం. స్వీడన్ డాక్టర్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో చెప్పిన పద్ధతి ఇది. ఆయన చెప్పింది మడమ వెనక ఉండే స్నాయువు (అకిలిస్ టెండన్) నొప్పికి, అదీ 12 వారాలు. నాకున్నవి నాలుగే, చివరి వారం ఎలాగూ తగ్గించాలి. అయినా మూడు వారాల్లో 9 కాస్తా 14 అయినా నాకు చాలు. ముంబయిలో పెద్దర్ రోడ్ ఎక్కుడు పరుగు రెండో సగంలో వస్తుంది, అది ఈ కండతోనే ఎక్కాలి.

ఫోటో ఇకపై పరుగు అయ్యాకే, గుడి దగ్గర పొంగలి ప్రసాదం తినేటప్పుడు దిగుదామని అడిగితే అన్న ఒప్పుకున్నాడు. జనవరి 4న 16 కి.మీ. ఉంది. ముంబయి అయ్యాక శ్రీవారి మెట్టు 2,388 మెట్లూ ఆగకుండా ఎక్కి చూడాలని ఉంది, ఆ కబురు తర్వాత.

ముందు మంగళవారం అదే రోడ్డును తిరగేసి, చెర్లోపల్లి వైపు నుంచి మొదలుపెట్టి చూస్తాను. అలిపిరి ఎక్కుడు అప్పుడు ఉండదు. వార్మప్ 5:20కి, పరుగు 5:30కి, మధ్యలో ఒక్క నిమిషం కూడా నిలబడను. చిరుతల భయం ఉంది కాబట్టి చీకట్లో ఆ రోడ్డున ఒక్కణ్నే వెళ్లను. ఇద్దరు వస్తామన్నారు, ఇంకొకరుంటే బాగుంటుంది. టార్చి తెచ్చుకోండి.