విస్కాన్సిన్ మెట్లు, కోనసీమ మోకు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో తుపాకితో జింకలను వేటాడే ప్రధాన కాలం 9 రోజులు మాత్రమే. థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు వచ్చే శనివారం అది మొదలవుతుంది. సంక్రాంతికి గోదావరి జిల్లాల వాడి సెలవు చీటీని ఆపడం ఎంత కష్టమో, ఆ వారం నేను పనిచేసే యంత్రభాగాల కర్మాగారంలో సెలవు కాదనడం అంత కష్టం. నాకు వేట మీద మోజు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అమలులో ఉన్న దేశంలో పెరిగినందువల్లనో ఏమో, జింకను చంపడం పండుగ పనిగా ఇప్పటికీ తోచదు. అయితే కొబ్బరి తోటల్లో దింపు కార్మికులను చూస్తూ పెరిగినవాణ్ణి కనుక, తోటి పనివాళ్ళు చెట్టెక్కే తీరును మాత్రం శ్రద్ధగా గమనిస్తూ వచ్చాను.

వాళ్ళు మేపుల్, ఓక్ వంటి చెట్ల మీద పదిహేను, ఇరవై అడుగుల ఎత్తున చిన్న పీట బిగించుకొని గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు. జింక చూపు ఎక్కువగా నేలమట్టాన ఉంటుంది కనుక ఎత్తున ఉన్న మనిషి సులువుగా దాని కంట పడడు. చాలా రాష్ట్రాల ప్రభుత్వ అడవుల్లో చెట్టుకు మేకులు, మరలు దిగగొట్టడం నిషేధం కావడంతో, పట్టీతో కట్టుకునే మెట్ల వాడకం పెరిగింది. ఇవి రెండేసి, మూడేసి మెట్లున్న పొట్టి అల్యూమినియం కడ్డీలు. పట్టీని మాను చుట్టూ తిప్పి, బకిల్‌లో దూర్చి బిగించిన తరువాత, కడ్డీని బలంగా కిందికి లాగి దాని పళ్ళు బెరడుకు గట్టిగా పట్టేలా చేయాలి. లేకపోతే కాలు మోపగానే అది పక్కకు తిరుగుతుంది. ఒకదాని మీద నిలబడి పైదాన్ని కట్టేటప్పుడు రెండు చేతులకూ పని ఉంటుంది కాబట్టి, నేల విడవకముందే మాను చుట్టూ తిప్పిన తాడు నడుముకు ఉండాలి. దానిని వాళ్ళు లైన్‌మన్ తాడు అంటారు, మనకది మోకు. తూటాలు తీసేసిన తుపాకిని పైకి చేరాక వేరే తాడుతో లాక్కోవాలే తప్ప భుజాన వేసుకొని ఎక్కకూడదు.

వేట ముగిశాక పట్టీలను విప్పి తెచ్చుకోవాలి. ఎండకు నైలాన్ బలహీనపడుతుంది. పైగా ఆ చెట్ల మాను ఏటేటా లావెక్కుతుంది కనుక వదిలేసిన పట్టీ చెట్టును నొక్కేస్తుంది. కొబ్బరి మాను అలా లావెక్కదు, దానికి తగిలిన గాయం పూడదు కూడా. అందుకే కాలు పెట్టుకోవడానికి కొబ్బరి మానుకు గంట్లు పెట్టడం మంచి పని కాదు; మానును లోపల తొలిచే ఎర్రముక్కు పురుగు గుడ్లు పెట్టేది అటువంటి గాయాల్లోనే.

ఈసారి సెలవుకు అంబాజీపేట దగ్గరి మా ఊరికి వస్తూ ఒక కడ్డీని, పడిపోకుండా ఒంటికి తొడుక్కునే పట్టీల కూర్పు అయిన హార్నెస్‌ను వెంట తెచ్చాను. మా తోటలో దింపు తీసే పెద్దాయన కడ్డీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయ్, సరుకు బాగానే ఉందండి బాబూ. కానండి, దీన్ని కట్టి విప్పేలోగా నేను రెండు చెట్లు దింపేస్తానండి" అన్నారు. ఆయన లెక్కే సరైనది. అక్కడి వేటగాడు ఒక చెట్టెక్కి పొద్దంతా కూర్చుంటాడు. ఇక్కడి మనిషికి కూలి చెట్టు లెక్కన వస్తుంది, యాభై అరవై అడుగుల మానుకు అటువంటి కడ్డీలు ఎన్ని కావాలో చెప్పనక్కరలేదు. కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుంచి శిక్షణలో నేర్పుతున్న ఎక్కుడు యంత్రాన్ని కూడా ఆయన ఇదే లెక్కన పక్కన పెట్టారు. కొత్తగా పనిలోకి వచ్చే కుర్రవాడికి మాత్రం అది ఉపయోగమేనని నా అభిప్రాయం.

నేను నిజంగా చూపించాలనుకున్నది హార్నెస్‌ను. అమెరికా కార్మిక భద్రతా నియమాల ప్రకారం 1998 జనవరి 1 నుంచి, పడిపోతున్న మనిషిని ఆపే సాధనంగా ఒట్టి నడుము బెల్టు పనికిరాదు. పడ్డ ఊపంతా పొట్ట మీద, నడుము మీద పడుతుంది, మనిషి అందులోంచి జారిపోనూవచ్చు. భుజాలను, తొడలను కూడా పట్టుకునే హార్నెస్ ఆ ఊపును ఒంటి మీద పంచుతుంది. మోకు ఎక్కడానికి, దిగడానికి గొప్ప ఆసరాయే గాని, మనిషి మట్టల మధ్యకు చేరి కత్తి తీసిన తరువాత దాని అండ ఏపాటిది? ఎండుమట్ట కాలి కింద ఊడేది అప్పుడే. గెల మీద కత్తి వేసే ముందు మానుకు ఒక తాడు చుట్టి హార్నెస్‌కు తగిలించుకోవడానికి పట్టే సమయం కొంచెమే. "పైన కట్టుకోమంటే కట్టుకుంటానండి, ఎక్కేటప్పుడు మాత్రం నా మోకు నాదేనండి" అని పెద్దాయన ఒప్పుకున్నారు.

దాని ఖరీదు కూలివాడి మీద వేయడం అన్యాయం, తోట గలవాళ్ళమే భరించాలి. కొనిచ్చినంత మాత్రాన సరిపోదు కూడా. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి కాళ్ళలో రక్తం నిలిచిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కాలు పెట్టి లేచి నిలబడడానికి అందులోనే ఒక పట్టీ ఉండాలి, దాన్ని వాడడం ముందుగా నేలకు దగ్గరలో సాధన చేయాలి. ఇక చెట్టు కింద కాయలు లెక్కపెట్టుకుంటూ నిలబడే మనిషికి, పైన వేలాడేవాణ్ణి ఆలస్యం లేకుండా ఎలా దించాలో, ఎవరిని పిలవాలో దింపు మొదలుకాకముందే తెలిసి ఉండాలి.